పరీక్షాభీతి – సత్యనిష్ఠ

పరీక్షలో చూచి రాయడం తప్పని తెలియని విద్యార్థి ఉండడు. ప్రాథమిక తరగతుల నీతికథలలో ఆ మాట విన్నాడు. హాల్‌టికెట్టు మీద అచ్చయిన నిబంధనలలో చదివాడు. పరీక్షాకేంద్రం గేటు దగ్గర జేబులు తడిమి చూచేవారు ఆ మాటనే మరొకసారి గుర్తు చేస్తారు. అయినా ఏటేటా చిట్టీలు దొరుకుతూనే ఉన్నాయి, తనిఖీ బృందాలు తిరుగుతూనే ఉన్నాయి. తెలియక చేసే తప్పు తెలియజెబితే పోతుంది. తెలిసి చేసే తప్పుకు వేరు మరెక్కడో ఉంటుంది. ఆ వేరు సోమరితనమని కొందరు, అత్యాశ అని మరికొందరు అంటారు. ఆ మాటలలో కొంత నిజం లేకపోలేదు. కాని ఏడాది పొడవునా శ్రద్ధగా చదివిన పిల్లలు కూడా ఆ మూడు గంటలలో పక్కవాని కాగితం వైపు చూడడం ఉపాధ్యాయులందరికీ అనుభవమే. వారిని అటు చూడమంటున్నది భయం. ఆ భయం పరీక్షగదిలో పుట్టినది కాదు. చాలా కాలం క్రితమే, ఊయల దిగిన నాటి నుండే, వారిలో నాటుకొన్నది. కనుక పరీక్షలలో నిజాయితీని గురించి మాట్లాడదలచినవారు ముందుగా బాల్యంలోని భయాలను గురించి మాట్లాడవలసి ఉంటుంది.

నల్లగొండ జిల్లాలో హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద చిట్యాల ఉన్నది. ఉరుమడ్ల, వెలిమినేడు, వట్టిమర్తి మొదలైన పల్లెలకు అది మండలకేంద్రం. అటువంటి పల్లెలలో పదవ తరగతి గాని, ఇంటర్మీడియట్ గాని రాసే బిడ్డ ఉన్న ఇంటికి ఆ ఏటి పత్తిపంట ఎంతటిదో ఆ పరీక్ష కూడా అంతటిదే. పంట పోతే ఏం చేయాలో ఆ ఇంటి పెద్దకు తెలుసు. మళ్ళీ అప్పు తెస్తాడు, మళ్ళీ విత్తనం వేస్తాడు. పరీక్ష పోతే ఏం చేయాలో మాత్రం ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోరు. ఆ మాట ఎత్తడమే అశుభమనుకొంటారు. రహదారి వెంట నిలబెట్టిన ప్రకటనల పలకల మీద ర్యాంకులు తెచ్చుకొన్నవారి ముఖాలు ఉంటాయి. రానివారు ఏమయ్యారో చెప్పే పలక ఒక్కటి కూడా ఉండదు. ‘మార్కులు రాకపోతే ఏమవుతుంది?’ అన్న ప్రశ్న ఆ బిడ్డ మనస్సులో జవాబు లేకుండా మిగిలిపోతుంది. జవాబు దొరకని ప్రశ్న పిల్లల మనస్సులో భయంగా మారడానికి ఎంతో కాలం పట్టదు.

అదే రహదారి మీద నార్కట్‌పల్లి దాటి ముందుకు వెళితే నకిరేకల్ వస్తుంది. 2025 మార్చి 21వ తేదీన పదవ తరగతి పరీక్షలు మొదలైన తొలిరోజుననే అక్కడి ఒక కేంద్రం నుండి తెలుగు ప్రశ్నపత్రం బయటకు వచ్చింది. కిటికీ అవతల నుండి ఎవరో దానిని సెల్‌ఫోనులో ఫోటో తీశారు. క్షణాలలో అది ఎందరి ఫోనులకో చేరింది. ఆ సంవత్సరం ప్రశ్నపత్రాల మీద వరుససంఖ్యలు, క్యూఆర్ గుర్తులు ముద్రించారు. కనుక అది ఎవరి పత్రమో తెలిసిపోయింది. ఆ విద్యార్థిని పరీక్షల నుండి డిబార్ చేశారు. కేంద్రం బాధ్యులపైనా చర్యలు తీసుకొన్నారు, పోలీసులు కేసు పెట్టారు. బయటివారు బెదిరిస్తే భయపడి ప్రశ్నపత్రం చూపవలసి వచ్చిందని ఆ విద్యార్థి చెప్పుకొన్నట్లు పత్రికలలో వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు, 2023 ఏప్రిల్‌లో, హనుమకొండ జిల్లా కమలాపూర్‌లో హిందీ ప్రశ్నపత్రం కూడా కిటికీ నుండే బయటకు పోయింది. అక్కడ కూడా ఒక విద్యార్థి డిబార్ అయితే, మిగిలిన పరీక్షలు రాయడానికి హైకోర్టు అనుమతించింది.

ఆ పిల్లల పేర్లతో ఇక్కడ పని లేదు. ఆ సంఘటనలలో నిజానిజాలు తేల్చడం అధికారుల పని, న్యాయస్థానాల పని. విద్యార్థి లోకం ఆలోచించవలసిన సంగతి వేరొకటి ఉన్నది. కిటికీ బయట నుండి ఒకడు బెదిరించినప్పుడు, లోపల బల్ల మీద కూర్చున్న పదహారేళ్ళ పిల్ల గాని, పిల్లవాడు గాని వెంటనే చేయెత్తి ‘సార్, ఇటు రండి’ అని పిలవగలరా? పిలవగలిగినవారు కొందరు ఉంటారు. చాలామంది పిలవలేరు. బయటివాడంటే ఎంత భయమో, గదిలోని ఉపాధ్యాయుడన్నా వారికి అంతే భయం. ‘నీకేమీ సంబంధం లేకుంటే వాడు నీ దగ్గరికే ఎందుకొచ్చాడు?’ అన్న ప్రశ్న వస్తుందని వారికి ముందే తెలుసు. రెండు భయాల నడుమ చిక్కుకొన్న పిల్లలు దగ్గరలో ఉన్న భయానికి లొంగిపోతారు. అది నేరబుద్ధి కాదు, వారికి చిన్ననాటి నుండి అలవాటు చేసిన విద్యే.

‘బువ్వ తినకుంటే బూచోనికి పట్టిస్త’ అనే మాటతో ఆ విద్య మొదలవుతుంది. చింతచెట్టు మీద దయ్యం, పాడుబావిలో భూతం, పట్టుకుపోయే పోలీసు – ఇవన్నీ పిల్లలను లొంగదీయడానికి పెద్దలు వాడుకొనే సాధనాలు. నిజానికి ఇవి పనిచేస్తాయి కూడా. దయ్యం పేరు చెబితే పిల్లవాడు అన్నం తింటాడు, చప్పుడు చేయకుండా నిద్రపోతాడు. బడికి పోయే వయస్సు రాగానే దయ్యం స్థానంలోకి ‘సారుకు చెప్త’ అన్న మాట వస్తుంది. హైస్కూలులో ప్రోగ్రెస్ కార్డు, కాలేజీలో ఎప్‌సెట్ ర్యాంకు ఆ స్థానాన్ని ఆక్రమిస్తాయి. పేర్లు మారుతాయి గాని పద్ధతి మారదు. దయ్యం లేదని పన్నెండేళ్ళకు పిల్లవానికి తెలిసిపోతుంది. భయపడినప్పుడు నోరు మూసుకోవాలనే అలవాటు మాత్రం అతనిని విడిచిపెట్టదు.

పాఠ్యపుస్తకాలలో పరీక్షానిజాయితీ అనగానే గాంధీజీ బాల్యకథ వస్తుంది. రాజకోటలోని ఆల్ఫ్రెడ్ హైస్కూలుకు గైల్స్ అనే విద్యాధికారి తనిఖీకి వచ్చాడు. మొదటి సంవత్సరం పిల్లలకు ఐదు ఆంగ్లపదాలు చెప్పి రాయమన్నాడు. వాటిలో ‘కెటిల్’ అనే పదాన్ని మోహన్‌దాస్ తప్పుగా రాశాడు. పక్కవాని పలక చూచి దిద్దుకోమని ఉపాధ్యాయుడు బూటు కొనతో సైగ చేశాడు. బాలుడు దిద్దుకోలేదు. మిగిలినవారందరూ ఐదింటికి ఐదు సరిగా రాశారు, అతడొక్కడే తెలివితక్కువవాడుగా మిగిలాడు. ఈ కథను సాధారణంగా ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. అట్లా చెప్పడం వలన కథలోని సారం కొంత జారిపోతున్నది. గాంధీజీ తన ఆత్మకథలో ఆ సంఘటనను వీరగాథగా చెప్పుకోలేదు. ఉపాధ్యాయుడు నిలబడి ఉన్నది పిల్లలు చూచి రాయకుండా ఆపడానికేనని తాను అనుకొన్నానని, ఆయన సైగ తనకు అర్థమే కాలేదని రాశాడు. చూచి రాసే కళ తనకు పట్టుబడలేదని కూడా ఒప్పుకొన్నాడు.

ఆ బాలుడు ధైర్యవంతుడని అనుకోవడం మరీ పొరపాటు. అతడు పరమ పిరికివాడు. బడి వదలగానే ఎవరైనా ఎగతాళి చేస్తారేమోనని ఇంటికి పరుగెత్తేవాడు. దొంగలు, దయ్యాలు, పాములు ఒక్కొక్క దిక్కు నుండి వస్తున్నట్లు ఊహించుకొని రాత్రిపూట గడప దాటేవాడు కాదు. గదిలో దీపం లేకపోతే అతనికి నిద్ర పట్టేది కాదు. పెళ్ళయిన తరువాత కూడా ఆ భయం పోలేదు. భార్య కస్తూర్బాకు అటువంటి భయాలేవీ లేకపోవడం చూచి లోలోపల సిగ్గుపడేవాడు. ఇంతటి పిరికివాడు పరీక్షలో నిజాయితీగా నిలిచాడన్నదే ఈ కథలో నేటి విద్యార్థికి పనికివచ్చే సంగతి. నిజాయితీగా ఉండడానికి ముందుగా శూరుడు కావలసిన అవసరం లేదు. చీకటికి జంకే పిల్లవాడు కూడా తన తప్పు అక్షరాన్ని తప్పుగానే వదిలివేయగలడు.

ఆయన దయ్యాల భయం తగ్గడానికి దారి చూపినది ఆ ఇంటి దాసి రంభ. భయం వేసినప్పుడు రామనామం తలచుకోమని ఆమె చెప్పింది. ఆమె చెప్పిన మందు మీద కన్న ఆమె మీదనే తనకు ఎక్కువ విశ్వాసమని గాంధీజీ రాశాడు. ఎంతో సూక్ష్మమైన మాట అది. పిల్లవాని భయం వినిపించుకొని, నవ్వకుండా, కసరకుండా బదులు చెప్పిన మనిషి ఒకరు ఆ ఇంట్లో ఉన్నారు. మంత్రం కన్న ముందు పనిచేసినది ఆ మనిషి మీది నమ్మకం. తరువాతి కాలంలో అన్న కడియంలోని బంగారం ముక్క తీసి అమ్మినప్పుడు, ఆ కుర్రవాడు తన తప్పును చీటీ మీద రాసి జబ్బుతో మంచం పట్టిన తండ్రి చేతిలో పెట్టాడు. తండ్రి కొడతాడన్న భయం అతనికి లేదు. తన వలన తండ్రి మనస్సు నొచ్చుకొంటుందన్నదే బెంగ. తండ్రి చీటీ చదివి, కన్నీరు కార్చి, దానిని చింపివేశాడు. కొట్టే తండ్రి అయితే ఆ చీటీ పుట్టేదే కాదు.

ఇక ఆ ఉపాధ్యాయుని సంగతి. పిల్లవానిని చూచి రాయమని సైగ చేయవలసిన అవసరం ఆయనకు ఎందుకు వచ్చింది? తనిఖీకి వచ్చిన అధికారి ముందు తన తరగతి చిన్నబోతుందన్న జంకు తప్ప మరొక కారణం కనబడదు. అనగా ఆ గదిలో అందరికన్న ఎక్కువగా భయపడినవాడు ఉపాధ్యాయుడే. ఈ కోణం మన సాహిత్యానికి కొత్త కాదు. పోతన భాగవతం సప్తమస్కంధంలోని ప్రహ్లాదచరిత్రను భక్తికథగా చదువుతాము. దానినే ఒక పరీక్ష కథగా కూడా చదవవచ్చు. శుక్రాచార్యుని కుమారులైన చండామార్కుల వద్ద కొడుకును చదువుకు పెట్టిన హిరణ్యకశిపుడు, ఏమి నేర్చుకొన్నావో చెప్పమని సభలో అడుగుతాడు. పరీక్షాధికారి రాజే. ఆయనకు కావలసిన జవాబేదో సభలో అందరికీ తెలుసు. ప్రహ్లాదునికీ తెలుసు. అయినా తాను నమ్మినదే చెబుతాడు. అప్పుడు గురువులు ఆ బాలుని తిరిగి తీసుకొనిపోయి, బుజ్జగించి, బెదిరించి, రాజుకు నచ్చే జవాబును మళ్ళీ వల్లె వేయిస్తారు. రెండవసారి కూడా శిష్యుడు తన మాటే చెప్పగా, రాజు కోపం గురువుల మీదికి తిరుగుతుంది. ఇది మేము నేర్పినది కాదని వారు మొరపెట్టుకొంటారు. చండామార్కులను దుర్మార్గులుగా చిత్రించడం కన్న ఉద్యోగభయం పట్టిన ఉపాధ్యాయులుగా చూడడం న్యాయం. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత చూపకపోతే సంజాయిషీ ఇవ్వవలసిన నేటి అధ్యాపకుడు వారికి చాలా దగ్గరి చుట్టం.

‘అసలు భయమే లేకపోతే పిల్లలు చదువుతారా?’ అని అడిగేవారున్నారు. తెలుగులో ‘భయభక్తులు’ అనే జంటపదం అంతగా వాడుకలో పడడానికి కారణం ఈ నమ్మకమే. భక్తి అన్నప్పుడు భయాన్ని తోడు తేకుండా ఉండలేము. ప్రహ్లాదునికి తండ్రి మీద గౌరవం లేదని భాగవతంలో ఎక్కడా లేదు. ఆ బాలునిలో లోపించినది భయం మాత్రమే. భయంతో చదివే చదువు పరీక్ష దాకా నడిపిస్తుందనడంలో సందేహం లేదు. అయితే పరీక్షగదిలో ఒక ప్రశ్న తెలియనప్పుడు ఆ భయమే పక్కవాని కాగితం వైపు మెడ తిప్పిస్తుంది. ఇంట్లో దెబ్బల భయం, గదిలో పట్టుబడే భయం రెండూ తూచుకొని విద్యార్థి తక్కువదానిని ఎన్నుకొంటాడు. కాపలా ఎక్కువైతే రాయడు, తక్కువైతే రాస్తాడు. ఇందులో నిజాయితీకి చోటెక్కడున్నది?

చిట్యాలకు అంత దూరం కాని పోచంపల్లికి 1951 ఏప్రిల్ 18న వినోబా భావే కాలినడకన వచ్చాడు. సాయుధపోరాటపు చివరి రోజులు అవి. పగలు పోలీసులు, రాత్రి దళాలు. ఊళ్ళన్నీ భయంతో ముడుచుకొని ఉన్నాయి. చేత ఏ ఆయుధమూ లేకుండా వచ్చిన ఆ మనిషి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇచ్చాడు. అక్కడ భూదానోద్యమం పుట్టింది. ఆ వినోబా 1916లో ఇంటర్మీడియట్ పరీక్ష రాయడానికి బొంబాయికి బయలుదేరి, మధ్యలో సూరత్‌లో రైలు దిగి కాశీకి వెళ్ళిపోయాడు. ఈ ఉదాహరణను ఇంటర్మీడియట్ విద్యార్థులు ఇంటి దగ్గర చెప్పకపోవడం మంచిది. వినోబా పరీక్షకు భయపడి పారిపోలేదు. తనకు కావలసినది ఆ పరీక్షలో లేదని తెలుసుకొని, ఆ సంగతి దాచకుండా దారి మార్చుకొన్నాడు. 1932లో ధూలియా జైలులో చేసిన గీతాప్రవచనాలలో ఆయన ఒక చక్కని సంగతి చెప్పాడు. గీత పదహారవ అధ్యాయంలో దైవీసంపదను వర్ణించేటప్పుడు సద్గుణాల పట్టీ ‘అభయం’తో మొదలవుతుంది. సత్యం ఆ తరువాత వస్తుంది. వినోబా ఆ పట్టీని ఒక సేనగా భావించి, సేనకు ముందు నడిచేది అభయమని, వెనుక నుండి కాపాడేది వినయమని వ్యాఖ్యానించాడు. ముందు నడిచే అభయం పడిపోతే వెనుకనున్న సత్యం ఒంటరిగా నిలబడలేదు. మన నీతిబోధలలో ఈ వరుస తారుమారయింది. పిల్లలను భయంలోనే ఉంచి సత్యం చెప్పమంటున్నాము.

చట్టం తన పని తాను చేస్తున్నది. పరీక్షలలో అక్రమాలను అరికట్టడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ప్రత్యేక చట్టం చేశారు. జాతీయస్థాయి పోటీపరీక్షలకు సంబంధించి 2024 జూన్ 21 నుండి కేంద్రచట్టం ఒకటి అమలులోకి వచ్చింది. ఈ రెండవ చట్టం గురి పెట్టినది పరీక్ష రాసేవారి మీద కాదు, ప్రశ్నపత్రాలను అంగడిసరుకు చేసే ముఠాల మీద, వారికి తోడ్పడే సంస్థల మీద. ఇది సరైన దృష్టి. 2016 జూలైలో తెలంగాణలో జరిగిన ఎంసెట్–2 ప్రశ్నపత్రం ముందే బయటపడిందని తేలినప్పుడు ఆ పరీక్షను రద్దు చేసి సెప్టెంబరు 11న మళ్ళీ పెట్టారు. దానిని అమ్మినవారూ కొన్నవారూ కొందరే. తిరిగి కూర్చొని రాసినవారిలో అత్యధికులు నిజాయితీగా చదువుకొన్న పిల్లలు. ఆ రెండు నెలలలో వారు పడిన వేదనకు ఎవరూ లెక్క కట్టలేదు. అక్రమం మూలాన నష్టపోయేవారు ఎప్పుడూ సక్రమంగా ఉన్నవారేనన్న సంగతి విద్యార్థులు గుర్తించాలి. పక్కవానికి జవాబు చూపడం స్నేహధర్మం అనుకొనేవారు తన వెనుక బల్ల మీద ఉన్న మూడవవానిని మరచిపోతున్నారు.

మార్కులను గురించి కూడా ఒక సంగతి చెప్పుకోవాలి. 2019 ఏప్రిల్‌లో వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలలో పొరపాట్లు దొర్లాయి. పరీక్ష తప్పినవారి జవాబుపత్రాలను ప్రభుత్వం ఉచితంగా తిరిగి పరిశీలింపజేయగా, వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైనట్లు తేలింది. అప్పటికే కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. మార్కుల కాగితం మనుషులు తయారుచేసినది. దానిలో తప్పులు ఉండవచ్చు. తప్పులు లేకపోయినా అది ఆ మూడు గంటలకు సంబంధించిన లెక్క మాత్రమే. ఒక్క కాగితానికి అంతటి బలం కట్టబెట్టినది పెద్దలే కనుక, ఆ బలాన్ని తగ్గించవలసిన బాధ్యత కూడా వారిదే.

పిల్లలు చేయగలిగిన పని ఏమీ లేదా? ఉన్నది. తరగతిలో తెలియని ప్రశ్న వచ్చినప్పుడు ‘నాకు తెలియదు సార్’ అని నిలబడి చెప్పడం అభ్యాసం చేయాలి. తొలిసారి పక్కవారు నవ్వుతారు. నాలుగవసారికి వారే తమకూ తెలియదని చెప్పడం మొదలుపెడతారు. నెలవారీ పరీక్షలో తెలియని ప్రశ్నను ఖాళీగా విడిచి, వచ్చిన మార్కులనే ఇంట్లో చూపాలి. ఈ చిన్న పరీక్షలలో దక్కిన ధైర్యం మార్చి నెలలో అక్కరకు వస్తుంది. ఎవరైనా బెదిరించినా, బలవంతపెట్టినా ఆ క్షణంలోనే ఇన్విజిలేటరుకు చెప్పాలి. ఇన్విజిలేటరు కూడా ఆ బిడ్డను ముందుగా అనుమానించకుండా కిటికీ దగ్గరకు పోవాలి. మనస్సు మరీ కుంగిపోయినప్పుడు మాట్లాడడానికి 14416 అనే ఉచిత ‘టెలి మానస్’ సేవ రాత్రింబవళ్ళు ఉన్నది. ఇంట్లో మేనత్తతోనో, తాతతోనో, నమ్మకమైన ఒక అధ్యాపకునితోనో చెప్పుకొన్నా మేలే.

తల్లిదండ్రులు చేయవలసిన పని ఇంకా సులభమైనది, అయినా చాలా ఇళ్ళలో జరగనిది. వార్షికపరీక్షలలో తప్పినవారికి, మార్కులు పెంచుకోదలచినవారికి కొద్ది వారాలలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి. అందులో ఉత్తీర్ణులైతే చదువు ఏడాది వెనుకబడదు. ఈ సంగతి ఇంట్లో చాలామందికి తెలుసు. ఫలితాలు వచ్చి, బిడ్డ తలుపు వేసుకొన్న తరువాత బయట నిలబడి ఈ మాట చెబుతారు. హాల్‌టికెట్టు చేతికి వచ్చిన నాడే, అన్నం దగ్గర కూర్చున్నప్పుడు చెప్పవలసిన మాట అది.